బస్సు నిలుచు చోటు



నేడు నేను మనవి చేయబోవు విషయము చూచుటకు మిక్కిలి చిన్నది. బస్సు నిలువవలసిన చోట నితరులు తమ బండ్లను నిలుపుదురు. బస్సు తోలువాడు వచ్చి తీయుమనును. వారు తీయరు. మాటకు మాట పెరుగును. ఇంతియే కథ. దీనికొక ప్రసంగమేల యని మీలో కొందరు నవ్వుకొందురేమో! ఒకప్పుడైనచో నేనును నవ్వియే యుందును. ముప్పదియేండ్లకు పైగా పిల్లలకు శబ్దమంజరియు బాలవ్యాకరణమును చెప్పుకొని బ్రదికినవాడను. నాకు రోడ్లతో నేమి పని? కాని 2022వ సంవత్సరము శ్రావణమాసమున మా యూరి సెంటరులో జరిగిన యొక సంగతి నాచేత చట్టములు చదివించినది. కొలతటేపు చేతికిచ్చి నడిరోడ్డుమీద నిలువబెట్టినది. ఆ సంగతిలో దోషము పరులది కాదు, నా యింటిదే. కావున చెప్పుటకు నాకు కొంత యధికారము కలదని తలచుచున్నాను.

మాది కాలువగట్టు మీది గ్రామము. ఒక ప్రక్క కాలువ, ఒక ప్రక్క దుకాణములు, నడుమ తారురోడ్డు. బస్సు నిలుచునది రావిచెట్టు క్రింద. ఆ నీడ బస్సు కొరకు వేచియుండువారికే కాక యందరికిని ఇష్టమే కదా! తెల్లవారగనే నాలుగైదు ఆటోలు అచట చేరును. బస్సు ఆలస్యమైనచో ఆ జనము తమకు దక్కునని వారి యాశ. టీకొట్టు ముందర మోటారుసైకిళ్లు. ఎరువుల కొట్టు ముందర బస్తాలు దింపుకొను ట్రాక్టరు ట్రక్కు. పండుగపబ్బములకు పట్టణమునుండి వచ్చిన చుట్టముల కార్లు. వీరిలో దుర్మార్గు డొక్కడును లేడు. ప్రతివాడును ఒక్క నిమిషమే యనుకొనును. ఒకని నిమిషము ముగియునప్పటికి మరియొకని నిమిషము మొదలగును. ప్రొద్దు గ్రుంకువరకు నా చోటు ఖాళీ కాదు.

ఈ తగవునందు కోపతాపములకంటె ముందు చూడవలసినది కొలత. మా రోడ్డు వెడల్పు ఐదున్నర మీటర్లు, అనగా 18 అడుగులు. పల్లెల నడుమ నిట్టివి పెక్కు గలవు. బస్సు వెడల్పు ఎనిమిదడుగుల చిల్లర, చట్టము 2.6 మీటర్లకు మించనీయదు. మామూలు కారు ఇంచుమించు ఆరడుగులు. దుకాణముల బల్లలు మట్టి అంచునంతయు ఆక్రమించుటచే కారు తారుమీదనే నిలుచును. దానికి రెండున్నర యడుగుల యెడముగా బస్సు వచ్చి నిలిచినదనుకొనుడు. ఇక మిగిలిన దారి యెంత? అడుగున్నర! అవతల కాలువ. ఎదురుగ వచ్చు బండియు నిలిచిపోవును, వెనుక వచ్చునదియు నిలిచిపోవును, ఒక్క సైకిలు తప్ప. రెండు వరుసల పెద్దరోడ్డు వెడల్పు 7 మీటర్లు గదా, అచట నీ బాధ యుండదని కొందరందురు. అచట మిగులునది ఆరడుగుల చిల్లర. అందుండి మరియొక బస్సు దూరజాలదు. మరియొక సంగతి. బస్సు ముప్పదియారడుగుల పొడవు గలది. అది వంకరగ గాక తిన్నగ అంచునకు చేరి, మరల తిన్నగ బయటపడవలెనన్న తన పొడవునకు మించిన ఖాళీ కావలెను. ఆ ఖాళీని చూచి "ఇంత చోటు ఊరక పడియున్నదే!" యని మనము కారు పెట్టుదుము. ఆ చోటు ఊరక పడియున్నది కాదు.

పూర్వ మీ చిక్కు లేదు. నిజాము రాష్ట్రమున 1932లో రైల్వేవారు 27 బస్సులతో ప్రయాణికులను తిప్ప మొదలిడిరి. ఆనాడు బస్సునకు అడ్డము వచ్చునది రెండెడ్లబండి. బండివాడు లేకున్నను, దారిని పోవు వాడెవడైన ఎద్దు ముకుతాడు పట్టి ప్రక్కకు నడిపించినచో సరిపోయెడిది. మోటారుబండి యట్లు కదలదు. దాని తాళపుచెవి యజమాని జేబులో నుండును. యజమాని యే కొట్టులో నుండునో దేవునికెరుక. నేటి జగడములలో సగము ఆ తాళపుచెవి మూలమున పుట్టినవే.

ఇక మా యింటి సంగతి. నా పెద్దల్లుడు హైదరాబాదున ఉద్యోగి, మర్యాదస్థుడు. శ్రావణ శుక్రవారము వ్రతమునకు అమ్మాయితో వచ్చి, పూలు తమలపాకులు కొనుటకు బయలుదేరుచు నన్నును కారులో నెక్కించుకొనెను. రావిచెట్టు క్రింద కారు నిలిపి తాను దిగెను. నేను ముందుసీటులోనే కూర్చుంటిని. ఇంతలో బస్సు వచ్చినది. తోలునతడు రెండుమారులు హారను మ్రోగించి, తల బయట పెట్టి, "సార్, ఇది బస్టాపండీ. కారు కొంచెం ముందుకు తీయండి" యనెను. అల్లుడు పూలకొట్టు దగ్గరనుండి, "రెండు నిమిషాలయ్యా. అంత రోడ్డుంది, పక్కన ఆపుకోరాదూ?" యనెను. "కార్లున్నవాళ్లకి బస్సెక్కేవాళ్లు మనుషుల్లా కనపడరు" అని యతడు. "మాటలు తిన్నగా రానీ" యని ఇతడు. అల్లునికి నలుగురిలో బుద్ధిచెప్పుట మామగారికి మర్యాద కాదని నేను లోపల నూరకుంటిని. ఒక్కమాట చెప్పియుండవచ్చును. చెప్పలేదు.

బస్సువాడు కోపముతో మా కారు ప్రక్కనే, రోడ్డు నడుమ, బస్సు నిలిపివేసెను. బస్సు తలుపు లెడమవైపున నుండునుగదా. డెబ్బదియేండ్లు దాటిన యొక ముసలమ్మ, మా వీధి చివరి యామె, ఆస్పత్రిలో కన్ను చూపించుకొని చేతిసంచితో మా కారునకు బస్సునకు నడుమనున్న సందులోనికి దిగినది. వెనుకనుండి కాలేజీకి పోవు పిల్లవాడొకడు మోటారుసైకిలుమీద వచ్చుచు, కుడిప్రక్క దారి లేకపోవుటచే ఆ సందులో దూరినాడు. ఆమె తుంటియెముక విరిగినది.

తరువాత మూడు దినములు పంచాయతీ జరిగినది. బస్సును నడిరోడ్డున నిలిపినందువలననే యిట్లయినదని మా వాడు. కారు లేకున్న నేనట్లేల నిలుపుదునని బస్సువాడు. బస్సులో నుండి మనిషి దిగునని నాకెట్లు తెలియునని పిల్లవాడు. ముగ్గురును వాదమున సమర్థులే. ముసలమ్మ మాత్రము మంచముమీద నున్నందున వాదమునకు రాలేదు. అల్లుడు వైద్యపు ఖర్చు భరించినాడు. అది వేరు సంగతి. నేను చూడబోయినపుడు ఆమె యడిగినది: "మీ అల్లుడుగారి కారేనటగా పంతులుగారూ? అమ్మాయీ పిల్లలూ కులాసానా?" ఆ మాటలో నిష్ఠురము లేదు. నిష్ఠుర మున్నచో నాకు నిద్రపట్టి యుండునేమో.

ఆ నిద్రపట్టని దినములలో పుస్తకములు తీసితిని. పండితునికి వేరు శరణమేది? కౌటిల్యుని అర్థశాస్త్రమున ధర్మస్థీయమను మూడవ యధికరణమునందు దారి నడ్డగించినవారికి దండనములు చెప్పబడినవి. చిన్న పశువులును మనుష్యులును నడచు దారిని అడ్డగించినచో 12 పణములు; పెద్ద పశువుల దారికి 24; ఏనుగుల దారికిని పొలముల దారికిని 54. అడ్డగించిన వస్తువెంతటిదని గాక, ఎవ్వరి దారి చెడినదని కౌటిల్యుడు చూచెను. ఏబదిమందిని మోయు బస్సు మన కాలపు టేనుగే కాదా?

మనుస్మృతి రెండవ యధ్యాయమున, ఎదురైనపు డెవ్వరికి దారి విడువవలెనో చెప్పబడినది. చక్రములుగల వాహనమున పోవువాడు, తొంబదియేండ్లు దాటినవాడు, రోగి, బరువు మోయువాడు, స్త్రీ, చదువు ముగించిన స్నాతకుడు, రాజు, పెండ్లికొడుకు. దీనిని అల్లునికి చదివి వినిపింపగా, "మామయ్యగారూ, చక్రాలు నా కారుకీ ఉన్నాయిగా" యని నవ్వెను. సరియే. కాని యా పట్టికను చేతబట్టుకొని బస్సులోనికి తొంగిచూడుడు. ముసలివారు, ఆస్పత్రికి పోవు రోగులు, కూరల గంపలవారు, స్త్రీలు, చదువుకొను పిల్లలు, మూఢము వెళ్లిన మాసములలో పెండ్లివారు. రాజొక్కడు దక్క మనువు చెప్పిన వారందరు నందే యున్నారు. తెలంగాణమున 2023 డిసెంబరు 9వ తేదినుండి, ఆంధ్రప్రదేశమున 2025 ఆగష్టు 15వ తేదినుండి స్త్రీలకు బస్సుప్రయాణము ఉచితమైన పిదప, చంకబిడ్డలతో బస్టాపున నిలుచు తల్లుల సంఖ్య కన్నులార చూచుచున్నదే.

ఇప్పటి చట్టమును ఇట్లే చెప్పుచున్నది. 1989లో వెలువడిన రోడ్డు నియమములు బస్టాపు సమీపమునను, పాఠశాలల ఆస్పత్రుల ద్వారముల సమీపమునను బండి నిలుపరాదనెను. 2017లో వాని స్థానమున వచ్చిన నియమములును ఆ నిషేధమును విడువలేదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 122వ సెక్షను ఇతరులకు ప్రమాదముగా గాని అడ్డముగా గాని బండిని వదలి పోరాదనుచున్నది. సామాన్యపు తప్పునకు జరిమానా 2019 సవరణ తరువాత మొదటిమారు 500 రూపాయల వరకు, మరల చేసినచో 1500 వరకు. అంతకుముందు మొదటిమారు నూరు రూపాయలే. అయినను పల్లెటూరి సెంటరునకు వచ్చి చీటి వ్రాయు పోలీసెవడు?

మనకు పనికివచ్చు సెక్షను వేరొకటి కలదు, 117వది. బండ్లు ఎచట నిలుపవచ్చునో, ప్రయాణికుల బండ్లు ఎచట ఆగవలెనో నిర్ణయించు నధికారులు స్థానిక సంస్థను సంప్రదించి నిర్ణయింపవలెనని యందున్నది. అనగా ఈ విషయమున పంచాయతీవారికి మాట గలదు. మన మా మాటను వాడుకొనుట లేదు.

తగవు చేయి చేసికొనువరకు పోయినచో చిక్కు పెద్దది. రోడ్డు రవాణా సంస్థల ఉద్యోగులు 1950 నాటి చట్టముచేతనే ప్రభుత్వోద్యోగులతో సమానముగా నెంచబడుదురు. విధిలోనున్న యట్టివానిని కొట్టినచో, 2024 జూలై 1 నుండి అమలునందున్న భారతీయ న్యాయ సంహిత 132వ సెక్షను ప్రకారము రెండేండ్ల వరకు జైలు పడవచ్చును. టీకొట్టు దగ్గర మీసము మెలివేయు పిల్లలకు పెద్దలు దీనిని ముందుగనే చెప్పియుంచుట మేలు.

అట్లని బస్సువారు నిర్దోషులని నేననను. చోటు ఖాళీగ నున్నను నడిరోడ్డుననే నిలుపువారు కలరు. నిలిపియున్న కారు బయటికి రాలేకుండ కావలెనని అడ్డముగ పెట్టువారు కలరు. బస్టాపున బండ్లున్నవను నెపముతో ఆగక నూరుగజముల దూరము పోయి ఆపుటయు కలదు. అంతట మూటలతో ముసలివారు పరుగెత్తవలెను. దీనిని నేను అన్నిటికంటె పెద్ద తప్పుగ నెంచుదును. అయిన నా తోలువాని స్థితియు చూడవలెను. ఊరూర పది నిమిషములు తగవులాడినచో, చివరి యూరికి చేరవలసిన వేళ తప్పినందుకు జవాబు చెప్పవలసినవా డతడే. ఆటోవాడును పొట్టకొరకే నిలుచును. కారువానికి మాత్రము నలువది యడుగులు నడుచుట తప్ప వేరు కష్టము లేదు. నా తీర్పునందు మొదట తగ్గవలసినవా డతడు. ఇది నా యింటివానిని గూర్చియే చెప్పుచున్నాను.

తుదకు మే మేమి చేసితిమి? పంచాయతీలో తీర్మానము వ్రాసి, డిపో మేనేజరుగారికిని రోడ్లు భవనముల శాఖవారికిని పంపితిమి. జవాబు వచ్చునందాక ఊరకుండక, నేనును నలుగురు పెద్దలును రావిచెట్టునుండి 60 అడుగులు కొలిచి, రెండు కొనలను సున్నముతో గీత గీచితిమి. దానికి చట్టబలమేమియు లేదు. పెద్దలు గీచినదను మొగమోటమే దాని బలము. ఆటోలను వంతెన ప్రక్కకు పొమ్మనగా, జనమంత దూరము నడవరని వారు మొరాయించిరి. న్యాయమే. బస్సు దిగి లోపలి పల్లెలకు పోవువారి నెక్కించుకొనుటకు అచటనే వరుసక్రమ మేర్పరచిన పిదప ఒప్పుకొనిరి. ఎరువుల కొట్టాయన ప్రొద్దుట ఏడు గంటలలోపల బస్తాలు దింపుకొనుట కంగీకరించెను. ఇప్పటికిని సణుగుచునే యున్నాడు, కాని దింపుకొనుచున్నాడు. టీకొట్టు ముందరి మోటారుసైకిళ్ల విషయమున మేమోడిపోయితిమి. నిత్యము ఒకటి రెండు గీత లోపలనే యుండును. పెద్దవారెవరైన కనుసైగ చేసినపుడు తీయుదురు, వెనుదిరిగినంతనే మరల పెట్టుదురు.

ముసలమ్మ చేతికర్రతో నడువగలుగుచున్నది. బస్సు మాత్రము మరల నెక్కలేదు. కంటికి రెండవ శస్త్రచికిత్స వలదని మానుకొన్నది.

ఆనాటి బస్సువాడు మా మార్గముననే తిరుగుచున్నాడు. మొన్న నన్ను చూచి బస్సు ఆపి, "పంతులుగారూ, వానలకి గీత చెరిగిపోయిందండీ" యనెను. సున్నపుబకెట్టును కుంచెయు మా వసారాలో నున్నవి. బుధవారము తొలిబస్సు వెళ్లిన పిదప గీయుదమని ఆటో పిల్లలతో చెప్పియుంచితిని.