షెర్లాక్ హోమ్సుకు పాఠకులు పోసిన ప్రాణము

కథ చదివి ముగించిన పిదప పుస్తకమును మూసివేయుదుము గాని, అందలి మనుష్యులు మాత్రము మనలను వదలిపోరు. ఆ తరువాత ఏమైనది? అతడు ఆ మాట యేల అనెను? ఆమె ఇల్లు విడిచి ఎక్కడికి పోయెను? అని మనస్సు అడుగుచునే యుండును. సాధారణముగా ఈ ప్రశ్నలు రెండు మూడు దినములలో సమసిపోవును. కాని కొందరు పాఠకులు అంతటితో ఊరకుండరు. కలము పట్టి సమాధానమును తామే వ్రాయుదురు. పరుల సృష్టియైన పాత్రలను తీసికొని, వారియందలి అభిమానముచేత క్రొత్త కథలు అల్లుదురు. ఇట్టి రచనలకు ఇంగ్లీషువారు ఫ్యాన్ ఫిక్షన్ అని పేరు పెట్టిరి. మనము అభిమాన కథలు అనుకొనవచ్చును.

ఇది మనకు బొత్తిగా క్రొత్త సంగతి కాదు. గురజాడవారి గిరీశము కన్యాశుల్కముతో ఆగిపోలేదు. ముళ్లపూడి వెంకటరమణగారి కలమున చేరి మరల లెక్చర్లు దంచెను. ఎక్కడికి పోయినను గిరీశము గిరీశమే యని పాఠకులు సంతోషించిరి.

పాశ్చాత్య దేశములలో ఇట్టి భాగ్యము ఎక్కువగా పట్టినది షెర్లాక్ హోమ్సు అను డిటెక్టివుకు. అతని అభిమాన కథల చరిత్రలో 1974వ సంవత్సరము ఒక మలుపు. ఆ యేట అతడు మరల జన్మించెనని చెప్పవచ్చును. అతనిని పుట్టించిన రచయిత అప్పటికి నలుబది నాలుగేండ్ల క్రిందటనే మరణించి యుండెను. మరల ప్రాణము పోసినవారు పాఠకులే. ఆ వృత్తాంతమును నేడు శ్రోతలకు మనవి చేయుదుము.

ఆర్థర్ కోనన్ డాయిలు అను యువ వైద్యుడు వ్రాసిన నవలలో హోమ్సు తొలిసారిగా 1887లో కనిపించెను. 1891 నుండి స్ట్రాండ్ మాసపత్రికలో చిన్న కథలు వెలువడజొచ్చిన పిమ్మట అతని పేరు ఇంటింట మారుమ్రోగెను. డాయిలుకు మాత్రము చారిత్రక నవలలపై మక్కువ. ఈ డిటెక్టివు తన కాలము నంతయు మ్రింగివేయుచున్నాడని విసిగి, 1893 డిసెంబరు కథలో ప్రొఫెసర్ మోరియార్టీ అను దుష్టునితో పెనుగులాడించి, స్విట్జర్లండులోని రైఖెన్‌బాఖ్ జలపాతమున హోమ్సును పడవేసెను. పాఠకులు గోలపెట్టిరి. పలువురు పత్రికకు చందా మానుకొనిరి. కడకు 1903లో డాయిలు అతనిని బ్రతికించక తప్పలేదు. కథ ప్రకారము హోమ్సు 1891లో మాయమై 1894లో తిరిగివచ్చెను. ఈ మూడేండ్లు ఏమి చేసితి వన్న మాటకు, మారుపేరుతో టిబెట్టులో రెండేండ్లు తిరిగితిననియు, లాసా చూచితిననియు, పర్షియా, మక్కా, ఖార్టూములకు పోయితిననియు నాలుగు వాక్యములలో తేల్చివేసెను. మొత్తము నాలుగు నవలలు, 56 కథలు వ్రాసి డాయిలు 1930లో కన్నుమూసెను.

ఈ అరువది రచనలలో పొంతన కుదరని సంగతులు అనేకము కలవు. ఒకచోట డాక్టర్ వాట్సను భుజమునకు తగిలిన తుపాకిగుండు మరియొకచోట కాలికి తగిలిన దగును. జాన్ అను పేరుగల ఆయనను భార్య ఒక కథలో జేమ్స్ అని పిలుచును. ఇతరులైనచో రచయిత పరాకు అని త్రోసివేయుదురు. హోమ్సు అభిమానులు అట్లు చేయలేదు. 1911లో రోనాల్డ్ నాక్సు అను పండితుడు ఆక్స్‌ఫర్డులో ఈ కథలను మతగ్రంథమువలె పరిశోధించుచు ఒక వ్యాసము చదివెను. నాటి బైబిలు పరిశోధకుల ధోరణిని వేళాకోళము చేయుటయే అతని ఉద్దేశము. కాని ఆ వేళాకోళమే ఒక ఆటగా స్థిరపడెను. హోమ్సు, వాట్సను నిజముగా జీవించిన మనుష్యులు. కథలు వ్రాసినవాడు వాట్సను. డాయిలు వాటిని అచ్చుకు చేర్చిన మిత్రుడు మాత్రమే. ఇదియే ఆ ఆటకు నియమము. డొరొతీ సేయర్స్ అను ప్రసిద్ధ రచయిత్రి, వాట్సను పేరులోని 'హెచ్' అను పొడి అక్షరము హేమిష్ అను స్కాట్లండు పేరనియు, అది జేమ్సుకు మారురూపమే గనుక ఇల్లాలు చనువుగా అట్లు పిలిచినదనియు సమన్వయించెను. పురాణములలో పూర్వోత్తర విరోధమును పరిహరించు మన వ్యాఖ్యాతలు జ్ఞప్తికి వచ్చుట లేదా? 1934లో న్యూయార్కునందును, లండనునందును ఇట్టి అభిమానుల సంఘములు వెలసినవి.

కథలు అల్లినవారును తొలినుండి కలరు. పీటర్ పాన్ సృష్టికర్తయైన జె. ఎం. బారీ హోమ్సుపై వ్రాసిన హాస్యకథను మిత్రుడైన డాయిలు తన ఆత్మకథలోనే చేర్చుకొనెను. నాటకములో హోమ్సుకు పెండ్లి చేయవచ్చునా అని అమెరికా నటుడు విలియం జిల్లెట్ అడుగగా, నీ యిష్టము వచ్చినట్లు చేసికొమ్మనెను. ఫ్రెంచి రచయిత మోరిస్ లెబ్లాంక్ తన గజదొంగ లూపెనుతో హోమ్సును తలపడజేసినపుడు మాత్రము అభ్యంతరము కలుగగా, అతడు పేరులోని అక్షరములు తారుమారు చేసి హెర్లాక్ షోమ్స్ అని సరిపెట్టెను. డాయిలు అనంతరము వారసులు కఠినులైరి. 1944లో ఎల్లరీ క్వీన్ కూర్చిన హోమ్సు అనుకరణ కథల సంపుటము వారి ఒత్తిడివలన అంగళ్ళనుండి తొలగిపోయెను. పదేండ్లకు డాయిలు కుమారుడు ఆడ్రియన్, జాన్ డిక్సన్ కార్ అను రచయితతో చేరి 12 కథలను ప్రకటించెను. అవి తండ్రి వేసిన బాటలోనే నడచినవి.

ఇక 1974కు వత్తము. ఆ యేడు జనవరిలో రాయల్ షేక్స్‌పియర్ కంపెనీవారు జిల్లెట్ పాతనాటకమును లండనులో మరల ఆడిరి. అది సంవత్సరాంతములోగా అమెరికాకును పోయెను. జాన్ గార్డ్‌నర్ అను నవలాకారుడు ప్రతినాయకుడైన మోరియార్టీనే కథకు నాయకునిగా జేసెను. ఫిలిప్ హోసే ఫార్మర్ హోమ్సును ఆఫ్రికా అడవులకు పంపి టార్జానుతో కలిపెను. పదేండ్ల పిమ్మట ఆ కథను తిరుగవ్రాసినపుడు టార్జానుకు బదులు మన అడవుల మౌగ్లీని తెచ్చెను. వీటన్నింటిని మించిన ప్రభావము నికొలాస్ మేయరు వ్రాసిన 'ది సెవెన్ పర్ సెంట్ సొల్యూషన్' అను నవలకు దక్కినది.

మేయరుకు అప్పటికి ముప్పదియేండ్లు నిండలేదు. అతడు సినిమా రచయిత. 1973లో అమెరికా రచయితల సంఘము సమ్మె కట్టగా, చిక్కిన తీరికలో ఈ నవల వ్రాసెను. అతని తండ్రి న్యూయార్కులో మనోవిశ్లేషణ వైద్యుడు. పుస్తకము నలుబది వారములు అమెరికాలో అత్యధికముగా అమ్ముడగు గ్రంథముల పట్టికలో నిలిచినది. 1976లో చలనచిత్రముగా వచ్చినది.

నవల పేరులోనే కథకు మూలమున్నది. డాయిలు వ్రాసిన రెండవ నవల ఆరంభములో హోమ్సు నూటికి ఏడుపాళ్ళ కొకెయిన్ ద్రావణమును సూదితో ఎక్కించుకొనును. డాయిలు ఆ వ్యసనమును పైపైన ప్రస్తావించి విడిచెను. మేయరు అక్కడనే ఆగి చూచెను. మరియొక సంగతి. డాయిలు కథలో మోరియార్టీ ఘోరములను గూర్చి చెప్పువాడు హోమ్సు ఒక్కడే. వాట్సను ఆ దుష్టుని దూరమునుండి తప్ప చూడలేదు. మరి మోరియార్టీ దుష్టుడని మన కెట్లు తెలియును? హోమ్సు చెప్పుట వలననే గదా! ఆ చెప్పునపుడు హోమ్సు మత్తులో ఉన్నచో?

ఈ ఒక్క ప్రశ్న మీదనే మేయరు నవల నిలిచినది. ఇందు మోరియార్టీ నేరస్థుల నాయకుడు కాడు. చిన్ననాడు హోమ్సుకు లెక్కలు చెప్పిన సాధువైన పంతులు. తన వెంటబడి వేధించుచున్నాడని అతడే వాట్సనుతో మొరపెట్టుకొనును. మిత్రుని స్థితి గ్రహించిన వాట్సను, హోమ్సు అన్నయైన మైక్రాఫ్టుతో ఆలోచించి, మోరియార్టీ జాడ పట్టించు నెపముతో హోమ్సును వియన్నా నగరమునకు రప్పించును. అచట చికిత్స చేయువాడు సిగ్మండ్ ఫ్రాయిడు. ఈ కలయిక ఊరక అతికించినది కాదు. ఫ్రాయిడు సైతము యౌవనమున కొకెయిన్ గుణములను మెచ్చుచు 1884లో వ్యాసము వ్రాసిన వైద్యుడు. బూడిద, బురద, గుండీ చూచి మనుష్యుని చరిత్ర చెప్పువాడు ఒకడు. కల, మాట, మరపు చూచి మనస్సు చరిత్ర చెప్పువాడు మరియొకడు. ఇరువురిదియు ఒకే విద్య. డిటెక్టివు మనస్సులో దాగిన బాల్యపు విషాదమును వైద్యుడు వెలికి తీయును. డాయిలు నాలుగు వాక్యములలో తేల్చిన మూడేండ్ల అజ్ఞాతవాసము ఈ విధముగా మనస్సు కుదుటపడుటకు పట్టిన కాలమగును.

ఇది మహాపురుషుని కించపరచుట కాదా అని కొందరికి తోచవచ్చును. ఈ అభ్యంతరమును తేలికగా కొట్టివేయరాదు. తాము పూజించు నాయకుని మత్తుమందుకు లొంగినవానిగ చూపుట అభిమానులకు కష్టముగనే యుండును. కాని ఆ బలహీనతను మేయరు కల్పింపలేదు. అది మూలములోనిది. మూలమందున్న గాయమును కప్పిపెట్టుటకన్న, దానికి కట్టు కట్టుట గొప్ప అభిమానమని మా అభిప్రాయము. ఈ నవలలో నిజమైన నాయకుడు వాట్సను. తన మిత్రుడు సర్వజ్ఞుడు కాడని తెలిసిన పిమ్మటను అతడు మిత్రుని విడువలేదు. ఆరాధన అక్కడ స్నేహమైనది. అడుగడుగున మూలమును అనుకరించిన కథలకంటె, మూలమును ప్రశ్నించిన ఈ కథ ఎక్కువకాలము నిలుచుటకు కారణ మిదియే.

దీని తరువాత హోమ్సు కథల పోకడలు మారినవి. ఎక్కడనో పెట్టెలో వాట్సను వ్రాతప్రతి దొరికినదనుట అందరికి వాడుకయైనది. చరిత్రపురుషులను, ఇతర రచయితల పాత్రలను హోమ్సుకు ఎదురుపరచుట పరిపాటియైనది. 1978లో అతడు డ్రాకులాతోను పోరాడవలసి వచ్చెను. తెలివితేటలకంటె మనోవేదనకు ప్రాధాన్యము పెరిగినది. 1994లో లారీ కింగ్ అను రచయిత్రి, వృద్ధుడై తేనెటీగలు పెంచుకొను హోమ్సుకు మేరీ రసెల్ అను బాలికను శిష్యురాలిగా తెచ్చెను. మన దేశమున నివసించిన టిబెటన్ రచయిత జామ్యాంగ్ నోర్బు 1999లో, ఆ అజ్ఞాతవాసమునందలి టిబెట్టు ప్రయాణమునే నవలగ వ్రాసెను. అందు కథ చెప్పువాడు కిప్లింగు పాత్రయైన ఒక బెంగాలీ బాబు. ఇంగ్లీషు రచయిత నాలుగు మాటలలో దాటిపోయిన దేశమును ఆ దేశపు బిడ్డ తన కంటితో నింపుట ఎంత ఉచితము!

మేయరు కథయు అక్కడితో ఆగలేదు. స్టార్ ట్రెక్ అను టెలివిజన్ కథాభిమానులు, విశేషించి స్త్రీలు, 1967 నుండి సొంతముగ చిన్న పత్రికలు అచ్చొత్తి అభిమాన కథలను ప్రకటించుచుండిరి. ఆ కథల రెండవ చలనచిత్రమునకు 1982లో మేయరే దర్శకుడయ్యెను. 1991లో తీసిన మరియొక చిత్రములో స్పాక్ అను పాత్రచేత హోమ్సు సూత్రమునొకదానిని చెప్పించి, అది తన పూర్వికుని మాట యనిపించెను. ఒకరి పాత్రలను ప్రేమించినవాడు మరియొకరి పాత్రలకు ప్రాణము పోయగలడనుటకు ఇది తార్కాణము.

ఇక హక్కుల మాట. రచయిత శ్రమకు ఫలము దక్కవలసినదే. అందులకే చట్టము కొంతకాలము కాపుండును. కాని ఆ కాలమునకు అవధి కలదు. హోమ్సు విషయమున అమెరికాలో 2014లో న్యాయస్థానము పాత కథలలోని హోమ్సు అందరివాడని తీర్పు చెప్పెను. 2023 ప్రారంభముతో కడపటి కథలకును హక్కు తీరినది. చట్టము ఆలస్యముగ ఒప్పుకొనిన దానిని పాఠకులు నూరేండ్లకు ముందే ఎరుగుదురు.

మన యిండ్లలో పిల్లలు తమకు నచ్చిన కథానాయకుని నోటుపుస్తకములోనికి తెచ్చుకొని క్రొత్త సాహసములు వ్రాయుచుందురు. ఎవరిదో కాపీ కొట్టుచున్నావని పెద్దలు కసరుకొందురు. మేము వారికి చేయు విన్నపము ఒకటే. ఆ పుస్తకమును ఒకమారు చదివి చూడుడు. అందు ఉన్నది ఉన్నట్లు దించిన వ్రాత ఉన్నదా? లేక, మొదటి రచయిత చెప్పక విడిచినదేమని అడిగిన ప్రశ్న ఉన్నదా? ప్రశ్న కనిపించినచో కసరకుడు. ఆ తరువాత ఏమైనదని అడుగుడు. తక్కినది వారే వ్రాసికొందురు.