హామ్ రేడియోలో స్థాన సమాచారం: తొలి ప్యాకెట్ నుంచి శ్రీహరికోట దాకా

హామ్ రేడియో కేంద్రం తానున్న చోటును అక్షాంశ రేఖాంశాలతో ఒక చిన్న సందేశంగా కూర్చి, చుట్టుపక్కల కేంద్రాలన్నిటికీ తనంతట తాను పంపే పద్ధతిని ఏపీఆర్‌ఎస్ అంటారు. ఇందులో మాటలుండవు. అంకెలూ అక్షరాలూ 1,200, 2,200 హెర్ట్జ్‌ల రెండు స్వరాలుగా మారి, సెకనుకు 1,200 బిట్ల వేగంతో వెళ్తాయి. అలా వెళ్లే ఒక్కో సందేశం ఒక ప్యాకెట్. సాధారణ రూపంలో స్థానాన్ని నిమిషంలో నూరోవంతు దాకా చెబుతారు. నేల మీద అది సుమారు 18 మీటర్లు. వరదలో చిక్కిన పడవను వెతకడానికి ఆ మాత్రం చాలు.

హాములు, అంటే హామ్ రేడియో నడిపేవారు, ప్యాకెట్లు పంపడం 1978లో కెనడాలోని మాంట్రియల్‌లో మొదలైంది. 1984కల్లా ఏఎక్స్.25 అనే ఉమ్మడి నియమావళి కుదిరింది. అయితే అప్పటి ప్యాకెట్ రేడియో ఇద్దరి మధ్య ఉత్తరప్రత్యుత్తరం లాంటిది. పంపినవారు జవాబు కోసం ఆగాలి, అందకపోతే మళ్లీ పంపాలి. ఆపద వేళ వందమందికి ఒకేసారి కబురు చేరాలంటే ఆ పద్ధతి పనికిరాదు.

ఈ లోపాన్ని పట్టుకున్నవాడు అమెరికా నౌకాదళ అకాడమీకి చెందిన బాబ్ బ్రునింగా. 1980ల మొదట్లో నౌకల స్థానాలను కంప్యూటర్ తెరపై పటంగా గీయించాడు. 1984లో ఒక సుదూర గుర్రపు స్వారీలో గుర్రాల జాడను అదే విధంగా చూపించాడు. 1992లో ఆ పద్ధతికి ఏపీఆర్‌ఎస్ పేరు స్థిరపడింది. జవాబు ఆశించకుండా అందరికీ ఒకేసారి చెప్పడం, విన్న కేంద్రం దాన్ని తిరిగి వినిపించడం దీని కీలకం. ఇలా తిరిగి వినిపించే కేంద్రం డిజిపీటర్. ఏపీఆర్‌ఎస్‌ను వాహనాల జాడ తీసే పరికరంగా మాత్రమే చూడడం సరికాదని బ్రునింగా 2022లో చనిపోయేదాకా చెబుతూ వచ్చాడు. వాతావరణ వివరాలు, చిన్న సందేశాలు, సహాయ శిబిరాల స్థానాలు కూడా ఇందులో వెళ్తాయి.

తెలుగు నేలపై హామ్ రేడియోకు పెద్ద దిక్కు 1983లో హైదరాబాద్‌లో ఏర్పడిన జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు ఈ సంస్థ తరఫున భారతీ ప్రసాద్ బృందం పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉంది. సంబంధాలు తెగిపోయిన దీవుల క్షేమసమాచారాన్ని బయటికి చేర్చింది. అదంతా మాటల ప్రసారమే. ఎవరు ఎక్కడున్నారో ఒక్కొక్కరూ నోటితో చెప్పాలి, మరొకరు రాసుకోవాలి.

తర్వాతి అడుగు శ్రీహరికోటలో పడింది. 2005 మే 5న పీఎస్‌ఎల్‌వీ-సీ6 రాకెట్ హాముల కోసం 42.5 కిలోల ఉపగ్రహం హామ్‌శాట్‌ను కక్ష్యలో పెట్టింది. 2019 ఏప్రిల్ 1న పీఎస్‌ఎల్‌వీ-సీ45 ఎమిశాట్‌నూ, 28 విదేశీ ఉపగ్రహాలనూ వదిలింది. మామూలుగా ఆ తర్వాత రాకెట్ నాలుగో దశ పనిలేని చెత్తే. ఈసారి దాన్ని 485 కిలోమీటర్ల ఎత్తుకు దించి ప్రయోగవేదికగా వాడుకున్నారు. అందులో ఆమ్‌శాట్ ఇండియా తయారుచేసిన ఏపీఆర్‌ఎస్ డిజిపీటర్‌ను అమర్చారు; 145.825 మెగాహెర్ట్జ్‌పై పనిచేసేలా దాన్ని రూపొందించారు. అంత ఎత్తు నుంచి చుట్టూ సుమారు 2,400 కిలోమీటర్ల మేర రేడియోచూపు ఆనుతుంది. గద్వాలలో పంపిన ప్యాకెట్ గువాహటిలో వినిపించగల దూరమది. వ్యర్థమయ్యే రాకెట్ భాగంతో ఇంత పని చేయించడం మన శాస్త్రజ్ఞుల మెచ్చదగిన పొదుపు.

గద్వాల ప్రాంతమైన నడిగడ్డకు ఈ విద్య దూరపు సంగతి కాదు. 2009 అక్టోబరు తొలి రోజుల్లో తుంగభద్ర పొంగి వడ్డేపల్లి పొరుగునున్న రాజోలి, అలంపురం, అవతలి ఒడ్డున కర్నూలు మునిగాయి. అలాంటి రాత్రి కరెంటు పోయి సెల్ టవర్లు ఆగినా, బ్యాటరీతో నడిచే చేతి రేడియో, గట్టు మీద ఒక డిజిపీటర్ ఉంటే ఏ మిద్దె మీద ఎందరున్నారో పటంపై కనిపిస్తుంది. పన్నెండేళ్లు నిండినవారు కేంద్ర కమ్యూనికేషన్ల శాఖ పరీక్ష రాసి లైసెన్సు పొందవచ్చు. వడ్డేపల్లి, అయిజ, అలంపురం పాఠశాలల ఉపాధ్యాయులు తమ పిల్లలను ఆ పరీక్షకు సిద్ధం చేయాలి.