బడి విడిచిన తరువాత



డెబ్బది అయిదేండ్ల ఈ పండుగనాడు, ఈ మెట్లెక్కి రాలేని మన పూర్వ విద్యార్థులను స్మరించుట నా విధి. వారిలో ఒకడు నా శిష్యుడు. కాళ్లు స్వాధీనంలో లేకున్నా చక్కని బొమ్మలు గీసేవాడు. ఇటీవల వారింటికి వెళ్లాను. ముప్పది దాటిన ఆ యువకుడు కిటికీ వద్ద ఊరక కూర్చొని ఉన్నాడు. "మా తదనంతరం వీడికి దిక్కెవరు టీచరమ్మా?" అని తల్లి అడిగింది. నాకు మాట రాలేదు.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. 40 శాతానికి తగ్గని వైకల్యమున్నవారికి ప్రభుత్వోద్యోగాలలో 4 శాతం కేటాయించింది. కళలలో పాల్గొనే హక్కును సైతం పేర్కొన్నది. అయితే ఇంటి గడప దాటించవలసినది ఇరుగుపొరుగువారే.

1893లో బెంగళూరులో జన్మించిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారికి చూపు మందం. విజయనగరం సంగీత కళాశాల ఆయనను వయొలిన్ ఆచార్యులుగా ఆదరించింది. 1936లో ఆయనే దానికి ప్రిన్సిపాల్ అయ్యారు. ఆ ఆదరణ వలన కలిగిన లాభం తెలుగువారందరిదీ.

కావున నా విన్నపం ఒక్కటే. ఆదివారాలు మన హాలు ఖాళీగా ఉంటుంది. మెట్ల పక్కన వాలుబాట ఒకటి కట్టిద్దాం. చిత్రలేఖనం, సంగీతం, అల్లికలు తెలిసినవారు వారానికి రెండు గంటలివ్వండి. వాహనమున్నవారు ఒక్కొక్కరిని వెంటబెట్టుకొని రండి. సహాధ్యాయులన్న చనువుతో పిలవండి. ఆ తల్లి ప్రశ్నకు సగమైనా జవాబు చెప్పుకొందాం.