వీరగల్లును చూసే తీరు

పుంగనూరు, పలమనేరు, మదనపల్లె వైపు పల్లెల్లో తిరిగేవాళ్లకు చెరువు కట్ట కిందనో, ఊరి బయట చింతచెట్టు దగ్గరో పాతిన రాతిపలక కనబడుతూ ఉంటుంది. దాని మీద కత్తి దూసిన మనిషి బొమ్మ ఉంటుంది. పసుపు కుంకుమలుంటే దండం పెడతాం, లేకుంటే పాత రాయేలే అని దాటిపోతాం. అదే వీరగల్లు. పోరులో ప్రాణమిచ్చిన మనిషి కోసం నిలిపిన రాయి.

మన సీమలో ఇవి ఇన్ని ఉండటానికి కారణం ఉంది. 9, 10 శతాబ్దాల్లో బాణులు, వైదుంబులు, నొలంబులు, గంగులు అనే రాజవంశాలవాళ్లు ఈ నేల కోసం తరతరాలు కొట్లాడుకున్నారు. బాణరాజుకు తోడుగా వైదుంబ గండత్రినేత్రుడు నొలంబులతో తలపడిన సోరెమడి యుద్ధం గురించి మనకు తెలిసింది ఇలాంటి రాళ్ల మీది రాతల వల్లనే. రాజుల పోరులోనే కాదు, ఊరి పశువుల మందను తోలుకుపోయేవాళ్లకు అడ్డం నిలిచి చచ్చినవాళ్లకూ రాళ్లు వేశారు. ఆ రాతలు తెలుగులో ఉన్నాయి, కన్నడంలో ఉన్నాయి, తమిళంలోనూ ఉన్నాయి.

ఇక శిల్పం దగ్గరికి వద్దాం. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు వెళ్లకండి, ఏమీ కనిపించదు. చెక్కడం లోతు తక్కువ. పొద్దున్నే గానీ, పొద్దువాలే వేళ గానీ వెలుగు పక్కనుంచి పడినప్పుడు గీతలన్నీ లేచి వస్తాయి.

ముందు ముఖం చూడకండి, కాళ్లు చూడండి. ఒక మోకాలు వంగి అడుగు ముందుకు పడి ఉంటుంది, వెనక కాలు నేలను తన్ని పట్టి ఉంటుంది. ఒళ్లంతా ఆ రెండు కాళ్ల మధ్య బిగిసిన విల్లు. తర్వాత చేతులు: కుడిచేత కత్తి, ఎడమచేత డాలో విల్లో. నడుముకు పిడిబాకు, పక్కకు ముడిచిన కొప్పు. కొన్నిచోట్ల ఒంట్లో బాణాలు దిగి ఉంటాయి. అయినా మనిషి నిలబడే ఉంటాడు! ఆ వీరుడు నేలకొరిగాడని శిల్పికి తెలుసు, రాయి వేయించిన ఊరికీ తెలుసు. అయినా పడిపోయిన క్షణాన్ని వదిలేసి, అడుగు ముందుకు వేసిన క్షణాన్నే చెక్కాడు. నన్నడిగితే వీరగల్లు కళంతా ఆ ఎంపికలోనే ఉంది.

ముఖం మాత్రం ఎవరిదైనా కావచ్చు. 2020 జూన్‌లో గల్వాన్‌లో ప్రాణాలర్పించిన కర్నల్ సంతోష్ బాబుకు సూర్యాపేటలో విగ్రహం పెట్టుకున్నాం. ఇప్పటి విగ్రహంలో మనిషి పోలిక కోసం వెతుకుతాం. పల్లె శిల్పి పోలిక జోలికి పోలేదు. ఆ పని పక్కన చెక్కిన అక్షరాలకు అప్పజెప్పాడు: ఎవరి తరఫున పోరాడాడు, ఎక్కడ పడ్డాడు. సామాన్య సైనికుడి పేరు వెయ్యేళ్లు దాటి మనదాకా రావడం చిన్న సంగతా!

కొన్ని రాళ్లలో మూడు అంతస్తులుంటాయి. వాటిని కింది నుంచి పైకి చదవాలి: అడుగున పోరు, నడుమ వీరుణ్ణి చేయిపట్టి తీసుకుపోయే అప్సరసలు, పైన శివలింగం ముందు చేతులు జోడించిన వీరుడు. పోరు దృశ్యాన్ని వైభవంగా చూడాలంటే బెంగళూరు ప్రభుత్వ మ్యూజియంలో బేగూరు శిల ఉంది. నాగత్తరుడనే వీరుడిది. ఏనుగులు, గుర్రాలు, తొక్కిసలాట, అన్నీ ఉన్నాయి. కానీ ఒక్క మనిషి, ఒక్క కత్తి ఉన్న మన పుంగనూరు సీమ రాళ్లే నాకు ఎక్కువ నచ్చుతాయి. అంత గట్టి నల్లరాతిలో మోకాలి వంపు తేవడానికి ఎన్ని ఉలిదెబ్బలు పడ్డాయో!

ఒక్క మనవి. ఈ రాళ్లకు ఆయిల్ పెయింట్ వేయకండి, అక్షరాలు పూడిపోతాయి. సున్నమూ వద్దు. చాలా రాళ్లు సగం మట్టిలో కూరుకుపోయి ఉంటాయి, కొన్నిటికి రాత ఆ మట్టిలోనే ఉండవచ్చు. మీకై మీరు తవ్వకుండా, పక్కవెలుగులో ఫొటో తీసి పురావస్తు శాఖవాళ్లకు చూపించండి. ఆ రాయికి ఏ పండక్కి టెంకాయ కొడతారో కూడా ఊళ్లో పెద్దవాళ్లను అడిగి రాసి పెట్టుకోండి.