నానమ్మ జవాబు - పాప ప్రోగ్రాం

ఇది పిల్లలూ పెద్దలూ కలిసి వినే కార్యక్రమం కాబట్టి, ఇవాళ ఇద్దరికీ పనికొచ్చే విషయం ఒకటి చెబుదామనుకుంటున్నాను. కంప్యూటర్ ప్రోగ్రాం రాయడం కొత్తగా నేర్చుకునేవాళ్ళు మొదట్లో చేసే పనుల్లో ఒకటి, ఎదుటి మనిషిని ఒక ప్రశ్న అడిగి జవాబు తీసుకోవడం. దీన్నే మా వృత్తిలో ఇన్‌పుట్ అంటాం. చూడడానికి ఒక్క లైను పని. కానీ మా ఇంట్లో ఆ ఒక్క లైను దగ్గర ఓ పూట చిన్న గొడవే అయింది.

మా అమ్మ తెనాలి నుంచి ఆరు నెలలు ఉండి వెళ్దామని మా దగ్గరికి వచ్చింది. మా పాపకి పదేళ్ళు. తెలుగు అర్థమవుతుంది గానీ, మాట్లాడడానికి తడుముకుంటుంది. ఈమధ్య పైథాన్ అనే భాషలో ప్రోగ్రాంలు రాయడం మొదలుపెట్టింది. మొదటి ప్రోగ్రాం ఇదీ: పేరు అడుగుతుంది, వయసు అడుగుతుంది, ఆ వయసుకి రెట్టింపు ఎంతో చెబుతుంది. అంతే.

మొదట తన మీదే ప్రయోగించుకుంది. వయసు 10 అని కొట్టింది. రెట్టింపు 20 రావాలి గదా, 1010 అని వచ్చింది! పరిగెత్తుకుంటూ నా దగ్గరికి వచ్చింది, "నాన్నా, నాకు వెయ్యి ఏళ్ళట" అంటూ.

రేడియోలో ప్రోగ్రాం చూపించలేను కాబట్టి మాటల్లోనే చెబుతాను. పైథాన్‌లో ఇన్‌పుట్ అనే ఆదేశం మనం కీబోర్డు మీద ఏది కొట్టినా అక్షరాల దండగానే తీసుకుంటుంది. దాన్ని స్ట్రింగ్ అంటారు. మనం 10 అని కొడితే దానికి అందేది పది అనే సంఖ్య కాదు, ఒకటి, సున్నా అనే రెండు గుర్తులు. ఆ దండని రెండుతో గుణించమంటే, దాన్నే రెండుసార్లు పక్కపక్కన పెట్టి 1010 అంటుంది. దాని లెక్క ప్రకారం అది తప్పు చెయ్యలేదు. గుర్తుల్ని సంఖ్యగా మార్చమని మనం విడిగా చెప్పాలి. ఆ పని చేసే ఆదేశం పేరు ఇంట్. పాప అది చేర్చింది, 20 వచ్చింది.

ఇక నానమ్మని పిలిచింది. నానమ్మ కోసం ప్రశ్నలు తెలుగులో రాసింది. తెలుగు కీబోర్డు నేను అమర్చి ఇచ్చాను. అమ్మ ఫోనులో చెల్లెళ్ళకి తెలుగులోనే మెసేజీలు పంపుతూ ఉంటుంది కాబట్టి, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ పేరు కొట్టింది. తర్వాత "మీ వయసు ఎంత?" అని వచ్చింది. అమ్మ నింపాదిగా "68 నిండాయి" అని కొట్టింది.

ప్రోగ్రాం ఆగిపోయింది. తెర మీద ఎర్రటి అక్షరాలు, వేల్యూ ఎర్రర్ అంటూ ఇంగ్లీషులో ఏదో రాసి ఉంది. అమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది, ఏదో పాడుచేశాననుకుని.

"నానమ్మా, తప్పు కొట్టావ్. నంబరే కొట్టాలి" అంది పాప.

"నంబరే కొట్టమని ఎక్కడన్నావే? వయసెంత అన్నావు, చెప్పాను" అంది అమ్మ. ఆ పైన, "నాకెందుకులే ఈ కంప్యూటర్లు, మీరు ఆడుకోండి" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. రెండు రోజులు పాప పిలిచినా ఆ కుర్చీలో కూర్చోలేదు.

నేను రోజూ ఈ పని చేసి బతికేవాణ్ణే గానీ, ఆ పూట నా నోట్లో కూడా "అమ్మకి కంప్యూటర్ రాదు గదా" అనే మాటే మెదిలింది. తర్వాత ఆలోచిస్తే సిగ్గేసింది. మా అమ్మ జవాబులో తప్పేముంది? మన ఊళ్ళో వయసు ఎవరడిగినా అలాగే చెబుతారు. తప్పంతా అడిగినవాళ్ళది. ఎలాంటి జవాబు కావాలో చెప్పకుండా అడిగి, వేరే రకంగా జవాబొస్తే మనిషిని తప్పుపట్టడం.

నేను ఇంజనీరింగ్ చదివే రోజుల్లో మా ల్యాబులో టర్బో సి ఉండేది. అందులో నేను రాసిన ప్రోగ్రాం ఒక సంఖ్య అడిగి, ఆ తర్వాత "మళ్ళీ చెయ్యాలా?" అని అడగాలి. రెండో ప్రశ్నకి నేను జవాబివ్వకముందే అది ముగిసిపోయేది. కారణమేమిటంటే, సంఖ్య కొట్టాక మనం నొక్కే ఎంటర్ కూడా ఒక గుర్తే. స్కాన్‌ఎఫ్ అనే ఆదేశం సంఖ్యని తీసుకుని ఆ ఎంటర్‌ని అక్కడే వదిలేస్తుంది. తర్వాతి ప్రశ్న ఒక్క అక్షరం కోసం చూస్తుంటే, మిగిలిపోయిన ఎంటరే జవాబైపోతుంది. అది తెలియడానికి నాకు ఒక వారం పట్టింది. ఆ వారమంతా కీబోర్డు పాడైందనే అనుకున్నాను!

ఎదుటివాళ్ళు మనం అనుకున్నట్టే జవాబిస్తారని నమ్మడం పెద్ద పెద్ద వ్యవస్థల్ని కూడా పడగొట్టింది. 1988 నవంబరులో మోరిస్ వార్మ్ అనే ప్రోగ్రాం అప్పటి ఇంటర్నెట్‌లో వేలాది కంప్యూటర్లని స్తంభింపజేసింది. అది లోపలికి దూరిన దారుల్లో ఒకటి, సి భాషలోని గెట్స్ అనే ఆదేశం. వచ్చే జవాబు ఎంత పొడవుందో అది చూసుకోదు. 512 గుర్తులు పట్టే చోట అంతకంటే పొడవైన జవాబు పంపితే, అది పక్క జాగాలోకి పొర్లి, కంప్యూటర్ చేత చెయ్యకూడని పని చేయించింది. 2011లో వచ్చిన సి ప్రమాణంలోంచి గెట్స్‌ని పూర్తిగా తీసేశారు.

రెండో రోజు రాత్రి పాపా నేనూ కూర్చుని ప్రోగ్రాం మార్చాం. మూడు పనులు చేశాం. ఒకటి, ప్రశ్నలోనే ఉదాహరణ పెట్టాం: "మీ వయసు అంకెల్లో, ఉదాహరణకి 45". రెండు, ట్రై, ఎక్సెప్ట్ అనే మాటలతో, సంఖ్యగా మార్చి చూడు, కుదరకపోతే ఆగిపోకుండా మర్యాదగా మళ్ళీ అడుగు అని రాశాం. కుదిరేదాకా అడగడానికి వైల్ అనే చక్రం. మూడు, వచ్చిన సంఖ్య సున్నాకీ 120కీ మధ్య ఉందో లేదో చూశాం, పొరపాటున 680 కొట్టినా పట్టుకోవాలి గదా.

ఏమేం కొడితే ఏమవుతుందో కూడా పరీక్షించాం. ముందూ వెనకా ఖాళీలున్నా ఇంట్ సర్దుకుంటుంది. 68.5 అంటే ఒప్పుకోదు. 1,000 అని కామా పెడితే ఒప్పుకోదు. సరదాకి తెలుగు అంకెల్లో ౬౮ అని కొట్టాను. ఒప్పుకుంది! రెట్టింపు 136 అని చెప్పింది. మన అంకెలు కూడా అంకెలేనని దానికి తెలుసు. పాపకి మాత్రం ఆ రోజే తెలిసింది, తెలుగుకి వేరే అంకెలున్నాయని.

ఉత్సాహం పట్టలేక పాప పేరుకి కూడా కాపలా పెట్టింది. అక్షరాలు తప్ప ఇంకేం ఉండకూడదని, ఈజ్‌ఆల్ఫా అనే పరీక్ష. కమల అని కొడితే సరే అంది. సీత అని కొడితే ఇది అక్షరాలు కాదు పొమ్మంది! ఎందుకంటే కంప్యూటర్‌కి గుడిదీర్ఘం విడి గుర్తు. దాని లెక్కలో అది అక్షరాల జాబితాలో లేదు. మనకి ఒక్క అక్షరమైన 'శ్రీ' దానికి నాలుగు గుర్తులు. ఆ కాపలా తీసేశాం.

పేర్ల దగ్గర మనవాళ్ళకి ఈ బాధ కొత్తది కాదు. పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో ఉండి, రెండో గడి ఖాళీగా ఉన్నవాళ్ళకి అమెరికా వీసా మీద పేరు స్థానంలో ఎఫ్.ఎన్.యు. అని పడుతుంది, అంటే పేరు తెలియదని. మనిషికి పేరుంది, ఆ గడికే అది పట్టలేదు.

తల్లిదండ్రులకి ఒక సూచన. ఇంట్లో ఉన్న పాత పుస్తకంలో రా-ఇన్‌పుట్ అనే మాట కనిపిస్తే అది పైథాన్ 2 పుస్తకం. దానికి మద్దతు 2020 జనవరి 1తో ఆగిపోయింది. అందులో ఇన్‌పుట్ అనే ఆదేశం మనం కొట్టినదాన్ని ప్రోగ్రాంలో భాగంలా అమలుచేసేది. అది ప్రమాదం కూడాను. పైథాన్ 3 పుస్తకం కొనండి.

మూడో రోజు అమ్మని బతిమాలి కూర్చోబెట్టాం. వయసు దగ్గర కావాలనే "చెప్పను" అని కొట్టింది. "అంకెల్లో చెప్పు నానమ్మా, మళ్ళీ అడుగుతున్నా" అని వచ్చింది. అమ్మ గట్టిగా నవ్వి 68 కొట్టింది. 136 అని రాగానే, "అన్నేళ్ళు ఏం చెయ్యనే?" అంది. పాప తడుముకోకుండా, "రోజూ నా ప్రోగ్రాం టెస్టు చెయ్యి" అంది.

పిల్లలూ, మీరు రాసిన ప్రోగ్రాం ముందు మీ అమ్మమ్మనో తాతగారినో కూర్చోబెట్టండి. ఏం కొట్టాలో పక్కనుంచి చెప్పకండి. వాళ్ళేం కొడతారో ఒక కాగితం మీద రాసుకోండి. మార్చాల్సింది మీ ప్రోగ్రాంలో ఏముందో ఆ కాగితమే చెబుతుంది.