రాత్రి రేసు, మన జీతం

మెరీనా బేలో రేసు వచ్చిందంటే మన డార్మిటరీల్లో పందేల మాటే. 2008లో జరిగిన మొదటి రాత్రి రేసు సంగతి వినండి. ముందున్నది మాసా. 15వ స్థానంలో మొదలుపెట్టిన అలోన్సో గెలిచాడు. అతని జట్టులోని పికే జూనియర్ కావాలనే కారును గోడకు గుద్దాడని, దాంతోనే రేసు తారుమారైందని మరుసటి ఏడు బయటపడింది. మాసా మీద పందెం కాసినవాడికి ఆ రాత్రి ఇదంతా ఏం తెలుసు?

అనుమతి లేని బుకీ దగ్గర కాస్తే 10,000 డాలర్ల దాకా జరిమానా, 6 నెలల దాకా జైలు, లేదా రెండూ. వర్క్ పర్మిట్‌కూ ముప్పే. అనుమతి ఉన్నచోట కాసినా పోయిన డబ్బు పోయినట్టే.

ఏజెంటు కోసం చేసిన అప్పు మన నెత్తి మీదే ఉంది. జీతం పడగానే ముందు ఇంటికి పంపుదాం. మనసు ఆగకపోతే దాచుకోవద్దు. పక్క మంచం అన్నకు చెబుదాం, 1800-6-668-668కి ఫోన్ చేద్దాం.