ప్రజారోగ్యం: సలహా నుండి ఆచరణ దాకా
(వజ్రోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

వైద్యం ఒక రోగికి చేసేది. ప్రజారోగ్యం ఊరంతటికీ చేసేది. రోగి నాడి చూడడానికి ఒక వైద్యుడు చాలు. ఊరి నాడి చూడాలంటే వైద్యునితో పాటు ఇంజనీరు, గణాంకవేత్త, సమాజ శాస్త్రజ్ఞుడు కూడా కావాలి. అందుకే ప్రభుత్వాలు నిపుణులను సలహాదారులుగా ఆహ్వానిస్తాయి. కోలారు జిల్లా మైసూరు సంస్థానంలో ఉన్న కాలంలోనే, 1920 దశకం చివర, ఆ ప్రభుత్వం అమెరికాలోని రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ నిపుణుల సాయం తీసుకుంది. అయితే ఏ సలహా ఆచరణకు వస్తుంది? ఏ సలహా బీరువాలో మూలుగుతుంది? ఈ ప్రశ్నకు సమాధానం వెదకడానికి దూరం పోనక్కరలేదు.

1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ వారు కోలారు బంగారు గనులలో పని ప్రారంభించిన పిదప చిత్తూరు, ఉత్తర ఆర్కాటు, సేలం ప్రాంతాల నుండి వేలాది కుటుంబాలు పొట్ట చేతబట్టుకొని ఇక్కడికి వచ్చాయి. రాయి తొలిచేటప్పుడు లేచే సన్నని దుమ్ము ఊపిరితిత్తులలో చేరి సిలికోసిస్ అనే వ్యాధిని కలిగిస్తుంది. 1940-46 మధ్య 7,653 మంది కార్మికులను పరీక్షించగా నూటికి నలభై మందికి పైగా ఈ వ్యాధి కనిపించింది. అంతవరకు ఒక్కొక్క ఇంటి దుఃఖంగా ఉన్న దగ్గు ఆ లెక్కతో యావత్తు పరిశ్రమ సమస్య అయింది. లెక్కించని బాధకు విధానం పుట్టదు. ఇది మొదటి పాఠం.

సిలికోసిస్ సోకిన ఊపిరితిత్తులను క్షయ సులభంగా పట్టుకుంటుంది. ఆ క్షయ విషయంలోనే రెండవ పాఠం అప్పట్లో పొరుగున ఉన్న తుమకూరు జిల్లా నేర్పింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్‌ల సహకారంతో 1959లో బెంగుళూరులో జాతీయ క్షయ సంస్థ ఏర్పడింది. పల్లెవాసులకు తమ జబ్బు సంగతి తెలియదని, వారిని వెదకి పట్టుకోవాలని పలువురు భావించే రోజులవి. దేబబర్ బెనర్జీ, ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన స్టిగ్ ఆండర్సన్ తమ బృందంతో తుమకూరు పల్లెలలో రోగులనే అడిగి చూశారు. 1963లో ప్రచురితమైన వారి అధ్యయనం ఆ భావనను తలక్రిందులు చేసింది. రోగులలో అత్యధికులకు తమ బాధ తెలుసు. సగానికి పైగా అప్పటికే ఆసుపత్రి గడప తొక్కినవారే. వారి కఫం పరీక్షించేవారు లేక దగ్గు మందుతో తిరిగి వచ్చారు. లోపం రోగి అజ్ఞానంలో లేదు, ఆసుపత్రి ఏర్పాటులో ఉంది. 1962లో రూపుదిద్దుకున్న జాతీయ క్షయ నివారణ కార్యక్రమానికి ఇటువంటి పరిశోధనలే పునాది. దగ్గుతో వచ్చినవారి కఫాన్ని దగ్గరి ఆసుపత్రిలోనే పరీక్షించి, చికిత్స ఇంటి వద్దనే సాగించాలన్నది దాని సారాంశం. నిపుణుడు చెప్పడానికి ముందు వినాలి.

మూడవ పాఠం నీరు నేర్పుతున్నది. ఏడాది పొడుగునా పారే నది లేని ఈ జిల్లాలో బోరుబావులు లోతుకు పోయేకొద్దీ ఫ్లోరైడు బెడద తీవ్రమైంది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు మించిన ఫ్లోరైడు నీటిని ఏళ్ల తరబడి త్రాగితే పిల్లల పళ్లు గారపడతాయి. మోతాదు మరింత పెరిగితే ఎముకలు బిగుసుకుంటాయి. కాచి చల్లార్చినా ఫ్లోరైడు పోదు. నీరు ఇగిరి, మిగిలిన నీటిలో దాని పాలు పెరుగుతుంది. పటిక, సున్నం కలిపి శుద్ధి చేసే పద్ధతికి తెలుగునాట నల్గొండ పేరే పెట్టారు. పద్ధతి మంచిదే. కాని ప్రతి దినం కొలిచి కలిపే చేయి, అడుగున చేరిన మడ్డిని తీసివేసే మనిషి లేనిచోట అది నిలవదు. యంత్రాన్ని ఇచ్చినవారు దాన్ని నడిపేవారికి జీతం, శిక్షణ, మరమ్మతు సామగ్రి కూడా సమకూర్చాలి. ప్రారంభోత్సవంతో కార్యక్రమం పూర్తి కాదు, అప్పుడే మొదలవుతుంది.

2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. సిలికోసిస్‌కు మాత్రం మూత పడలేదు. దుమ్ము పీల్చడం మానిన తరువాత కూడా అది ముదరగలదు. నయం చేసే మందు నేటికీ లేదు. ఎక్స్‌రే, క్షయ పరీక్ష, పింఛను అనే మూడింటిని ఒకచోట చేర్చే ఏర్పాటు విశ్రాంత కార్మికునికి అవసరం. రాజస్థాన్ ప్రభుత్వం 2019లో దుమ్ము వల్ల కలిగే ఊపిరితిత్తుల వ్యాధులకు ప్రత్యేక విధానాన్నే ప్రకటించింది. దేశానికి బంగారమిచ్చిన ఈ గడ్డకు అటువంటి విధానం అనవసరమని ఎవరనగలరు?

ఈ పాఠశాల బెంచీల మీద కూర్చున్న బాలబాలికలలో కొందరు రేపు వైద్యులు, ఇంజనీర్లు, అధికారులు, సలహాదారులు అవుతారు. నివేదిక మీద సంతకం చేసే ముందు వారు మూడు ప్రశ్నలు వేసుకొందురు గాక: బాధితులను లెక్కించామా? వారి మాట విన్నామా? మనం వెళ్లిపోయిన తరువాత ఈ పని ఎవరు చేస్తారు? మూడింటికీ జవాబున్న నివేదికే ఊరికి ఉపకరిస్తుంది.

అందరికీ ఆయురారోగ్యాలు కలుగుగాక!